బుర్రుగాడికి తగిలిన దెబ్బలు

షర్టుల ఫ్యాక్టరీ, కాజాల మిషన్ దగ్గర
సోమవారం, భోజనాల వేళ

ఒరేయ్ తమ్ముడూ,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారని గుండెలు బాదుకోకు. అందరం బతికే ఉన్నాం. నా ఫోన్ పాడైంది, బాగయ్యేలా లేదు. కొన్నాళ్ళు ఇలా కాగితం మీదే మాట్లాడుకుందాం. నువ్వు రాసేటప్పుడు మాత్రం ఇంటికి రాయకు, ఫ్యాక్టరీకి రాయి. మా వీధిలో ఉత్తరాలు సరిగ్గా చేరవు. ఇక్కడైతే గేటు దగ్గర వాచ్‌మన్ నా చేతికే ఇస్తాడు.

అసలు సంగతి చెప్తాను, కూర్చో. బుర్రుగాడు తిరిగొచ్చాడు.

మన చిర్రుబుర్రు గుర్రమేరా! పొట్టి కాళ్ళు, బండ ముక్కు, మెడలో చుక్కల రుమాలు, పొద్దున లేచిన దగ్గర్నుంచి లోకం మీద కోపం. నా పెళ్ళితో మనిద్దరం వేసే వాడి బొమ్మల కథ ఆగిపోయింది కదా. మొన్న చొక్కాల మడతల్లో పెట్టే తెల్ల అట్టలు మూల నలిగాయని పక్కన పడేస్తుంటే ఒకటి తీసుకున్నాను. ఏమీ అనుకోకుండా పెన్సిల్‌తో ముక్కు గీశాను. ముక్కొచ్చాక మిగతా ఒళ్ళు ఊరుకుంటుందా? తోసుకుంటూ వచ్చేసింది. ఎంత సంతోషం వేసిందంటే మిషన్ వెనక కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కన బొత్తాలు కుట్టే ఆవిడ ఉంది, మేమందరం బొత్తాలక్క అంటాం, నాకు పిచ్చి పట్టిందనుకుంది.

ఆట మళ్ళీ మొదలుపెడదామా? రూల్సు మర్చిపోయి ఉంటావు, నీ జ్ఞాపకశక్తి సంగతి నాకు తెలుసు. ఒక పేజీ నాది, ఒక పేజీ నీది. ఒకరు వేసింది ఇంకొకరు కాదనకూడదు. అదంతా కల అని తప్పించుకోకూడదు. డాక్టరు రాకూడదు. దెబ్బ తగిలిందంటే తగిలినట్టే, ఆ తర్వాత ప్రతి పేజీలోనూ వాడు ఆ దెబ్బతోనే తిరగాలి. నీ బొంగరం దాచానని వాడి ఎడమ చెవి చింపింది నువ్వు. నా మీద చాడీలు చెప్పావని తోక కాల్చింది నేను. మనిద్దరి తగవులూ వాడి ఒంటిమీదే తీర్చుకున్నాం, పాపం.

నా పేజీ ఇందులో పెట్టాను. బుర్రుగాడు తన మానాన తను గడ్డి నములుతుంటాడు. మన సర్కసు యజమాని కొరడా దొర వెనక నుంచి వస్తాడు. వాడి మీసాలు పాతవే ఉంచాను. ఇనప బకెట్టు ఎత్తి మొహం మీద కొడతాడు. బుర్రుగాడి కుడి కన్ను వాచి మూసుకుపోయింది. కారణం ఏమీ లేదు. నమిలే చప్పుడు దొరకి చిరాకు తెప్పించింది, అంతే.

నీ వంతు.

అక్క


లారీ బాడీ షెడ్డు
శనివారం

అక్కా,

కవరు విప్పగానే బుర్రుగాడు నా మొహం మీదికి దూకాడు. షెడ్డులో అందరికీ చూపించాను. పొద్దస్తమానం లారీల వెనక పువ్వులూ పక్షులూ వేసి వేసి మొద్దుబారిన చేతికి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది. నువ్వు మొదలుపెట్టకపోతే నేను వాడిని మర్చిపోయే చచ్చిపోయేవాడిని.

బకెట్టు దెబ్బ అదిరింది! ఆ కన్ను ఎలా వేశావక్కా? రెప్పలు రెండూ అతుక్కుపోయి, కింద చర్మం సంచీలా వేలాడుతూ. ఎవర్నో ఎదురుగా పెట్టుకుని చూసి వేసినట్టుంది.

నా పేజీ చూడు. బుర్రుగాడు ఒంటికన్నుతోనే దొర మీదికి దూకి వాడి చెవి కొరికి ఉమ్మేస్తాడు. చెవి గాల్లో ఉండగా ఒక గడి వేశాను, అది నాకు బాగా నచ్చింది. తర్వాత దొర ఊరుకుంటాడా? లారీ జాకీ రాడ్డు తెచ్చి బుర్రుగాడి కుడి ముందుకాలు మోకాలి కింద విరగ్గొడతాడు. ఎముక బయటికొచ్చిన చోట ఎర్ర ఎనామెల్ చుక్క పెట్టాను. తిట్టుకో, రూలంటే రూలే.

ఇక్కడ విశేషాలేం లేవు. నిన్న వెల్డరు నా రంగు డబ్బా తన్నేసి, చూసుకోలేదని కూడా అనకుండా పోతున్నాడు. ఒళ్ళు మండి ముక్కు మీద ఒకటిచ్చాను. రక్తం కారుతూ వెళ్ళి కుళాయి దగ్గర కడుక్కున్నాడు. సాయంత్రం ఇద్దరం కలిసే టీ తాగాం. మీ మరదలు మాత్రం ఇంకా నాతో మాట్లాడట్లేదు. నా ముక్కు కాదు, దాని ముక్కు కాదు, దానికెందుకో బాధ.

మేనల్లుడుగారు ఎలా ఉన్నారు? వ్యాను ఉద్యోగం పోయిందని దిగులు పడొద్దని చెప్పు. ఆ సూపర్‌వైజరు చెంప వాయించి బయటికొచ్చాడని విన్నప్పుడు, నిజం చెప్పాలంటే నాకు గర్వమేసింది. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది? ఫోన్ చేస్తే ఎత్తడు. మామంటే అంత చులకనైపోయాడా అని నా మాటగా అడుగు.

తమ్ముడు


షర్టుల ఫ్యాక్టరీ
బుధవారం

ఒరేయ్ దుర్మార్గుడా,

కాలెందుకు విరగ్గొట్టావురా! చెవి గాల్లో ఎగిరిన బొమ్మ చూసి బొత్తాలక్క పొట్ట పట్టుకుని నవ్వింది. కింద కాలు చూసి నోరు మూసుకుంది. ఇప్పుడు కటింగ్ వాళ్ళూ ప్యాకింగ్ వాళ్ళూ కూడా భోజనాల గంట కొట్టగానే నా చుట్టూ చేరి “గుర్రానికి ఏమైంది, చూపించు” అంటున్నారు. నాకింత విలువ వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. రోజంతటిలో ఆ కాసేపే నాకు బాగుంటోంది.

కన్ను చూసి వేశావా అన్నావు. అద్దంలో చూసి వేశాను. తలుపు తగిలింది నాకు. నవ్వుకో.

అల్లుడి సంగతి అడిగావు. ఇంట్లోనే ఉంటున్నాడు. చప్పుడు పడదు వాడికి. కుట్టుమిషన్ తొక్కితే చిరాకు, గిన్నె మోగితే చిరాకు, నేను అన్నం తింటున్నా చిరాకే. నీ మాటగా అడిగాను, మామయ్య ఫోన్ ఎందుకెత్తవని. చేతిలో గ్లాసు విసిరాడు. నాకు తగల్లేదులే, గోడకి తగిలింది. పని లేకపోతే ఎవరికైనా అలాగే ఉంటుంది, నువ్వేం మనసులో పెట్టుకోకు. ఇంట్లో మునివేళ్ళ మీద నడవడం నాకు బాగా వచ్చేసింది. మన దొర సర్కసులో ఖాళీ ఉంటే చెప్పు, చేరిపోతాను.

నా పేజీలో బుర్రుగాడు మూడు కాళ్ళతో ఎలాగో గుర్రపుశాల చేరతాడు. లోపలికి పోయి తలుపు వేసుకుందామని వాడి ఆశ. దొర ఆ తలుపే పట్టుకుని, వీడి మెడ మధ్యలో ఉండగా ధడేల్ ధడేల్‌మని వేస్తూనే ఉంటాడు. ఆఖరి గడిలో గుర్రం కనపడదు, తలుపు సందులోంచి రుమాలు కొస ఒక్కటే కనిపిస్తుంది. ప్రాణం ఉంది, కంగారుపడకు.

నీ వంతు. ఈసారి ఎముకల జోలికి పోకు.

అక్క


లారీ బాడీ షెడ్డు
వాన కురుస్తోంది, పని లేదు

అక్కా,

తలుపు గడి చూసి షెడ్డంతా “అబ్బా” అంది. కానీ నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నీ పేజీల్లో వాడు ఒక్కసారైనా తన్నడేం? మన బుర్రుగాడు ఎలాంటివాడు? గిట్టలో ముల్లు గుచ్చారని బజారు బజారంతా తన్నుకుంటూ పోయినవాడు. పిల్లల మీద చెయ్యెత్తిన మేష్టారిని కప్పు మీదికి విసిరేసినవాడు. నువ్వు గుర్రాన్ని తీసుకొచ్చి గొర్రెని చేశావు. నాకు అసలు నచ్చలేదు.

అందుకే నా పేజీలో తన్నించాను. వెనక కాళ్ళతో ఒక్క తాపు, తలుపు ముక్కలు. ఇంకొక తాపు, దొర పళ్ళు జల్లున రాలాయి. పళ్ళు నేలమీద దొర్లుతున్నట్టు ఎంత ఓపిగ్గా వేశానో చూడు. దొర గడ్డి ఎత్తే ఇనప ముళ్ళకర్రతో వాడి డొక్కలో పొడుస్తాడు, అది అలాగే గుచ్చుకుని ఉండిపోతుంది. అయినా బుర్రుగాడు తగ్గడు. ఇదీ ఆటంటే!

గ్లాసు విసిరాడా అల్లుడు? కుర్రరక్తం. ఆ వయసులో నేను రేడియో నేలకేసి కొట్టలేదూ? నాలుగు కేకలు వెయ్యి, దారికొస్తాడు. లేదంటే నా దగ్గరికి పంపు, లారీల తుప్పు గీకిస్తాను, రాత్రికి విసరడానికి చేతుల్లో సత్తువ మిగలదు.

మీ మరదలు నీ పేజీలు చూసి “వదిన ఆడుకోవట్లేదు” అంది. ఆడకపోతే పేజీలెందుకు పంపుతుంది, నీకు బొమ్మల గురించి ఏం తెలుసు అన్నాను. మళ్ళీ మాటలు బంద్.

తమ్ముడు


షర్టుల ఫ్యాక్టరీ, ప్యాకింగు బల్ల
మంగళవారం

ఒరేయ్,

ఎడమ చేత్తో రాస్తున్నాను, ఓపిగ్గా చదువుకో. కుడి మణికట్టు బెణికింది. కాజాల మిషన్ మీద కూర్చోనివ్వట్లేదు, ప్యాకింగులో అట్టలు అందిస్తున్నాను. అందువల్ల బొమ్మలకి అట్టల కరువు మాత్రం లేదు.

వాడు తన్నడేం అని అడిగావు. తన్నితే ఆ దెబ్బ ఎవరికి తగులుతుందా అని ఆలోచిస్తాడు. దొర చిన్నప్పుడు వీడి వీపెక్కి తిరిగే ఉంటాడు కదా. జూలు పట్టుకుని నిద్రపోయి ఉంటాడు. మనం అదెప్పుడూ వేయలేదు గానీ, ఈ మధ్య నాకలా తోస్తోంది.

నా పేజీ చిన్నది. రెండో ముందుకాలు కూడా పోయింది. దొర తాడు కట్టి, కర్ర దూర్చి, చప్పుడయ్యేదాకా మెలిపెట్టాడు. బుర్రుగాడు పొట్ట మీద పడ్డాడు, గడ్డం బురదలో ఉంది. నీ ముళ్ళకర్ర డొక్కలో అలాగే ఉంచాను, తీయలేదు.

వాడిని మళ్ళీ లేపడం ఎలాగో నాకు తెలియట్లేదు. చాలా అట్టలు పాడు చేశాను. నీ వంతులో ఎలాగైనా లేపు. నవ్వులాటకి అనడం లేదు, అడుగుతున్నాను.

అక్క


ఇంట్లో, వంటింటి బల్ల మీద
ఆదివారం

అక్కా,

ఏమిటా గీతలు? కోడి గెలికినట్టున్నాయి. బుర్రుగాడి ముక్కు బంగాళాదుంపలా తయారైంది. దొర మీసం ఒకటి పైకి, ఒకటి కిందికి. వయసు మీద పడుతోందని ఒప్పుకో, ఇకనుంచి రెండు వంతులూ నేనే

ఇక్కడిదాకా రాసి స్నానానికి లేచాను. తిరిగొచ్చేసరికి మీ మరదలు పేజీలన్నీ నేలమీద వరసగా పరుచుకుని కూర్చుంది. నీ ఉత్తరాలు వాటి పక్కన పెట్టింది. వాచిన కంటి మీద వేలు పెట్టి, “వదినకి తలుపు తగిలిందట” అంది. మెలితిరిగిన కాలి మీద వేలు పెట్టి, “వదినకి చెయ్యి బెణికిందట” అంది. ఇంతకాలం నేను నీ దెబ్బలు చూసి బాగా వేశావని మెచ్చుకుంటున్నానా? పైగా ఒక కాలు నేనే విరగ్గొట్టానా?

ఎవడక్కా వాడు? ఫ్యాక్టరీలో సూపర్‌వైజరా? వీధిలో ఎవడైనానా? పేరు చెప్పు చాలు. వాడి చేతులు రెండూ విరిచి మెడలో వేస్తాను. బావ లేకపోయినా ఇంట్లో అంత ఎదిగిన కొడుకుండగా నీ మీద చెయ్యి వేసే ధైర్యం ఎవడికి వచ్చింది?

నువ్వేం భయపడకు. నీ కొడుక్కి ఇందాకే విడిగా ఉత్తరం రాసి మీ ఇంటి అడ్రసుకి పోస్టు చేసి వచ్చాను. మీ అమ్మ ఎవడి చేతిలోనో దెబ్బలు తింటోంది, నీకు చెప్పలేక గుర్రం బొమ్మల్లో నాకు వేసి పంపుతోంది, నువ్వు కనిపెట్టుకుని ఉండు అని రాశాను. వాడున్నాడుగా, నీకింక ఏం కాదు.

నీ తమ్ముడు


బొత్తాలక్క గది
గురువారం

తమ్ముడూ,

మా వీధిలో ఉత్తరాలు బాగానే చేరతాయి. నీది చేరింది.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చదివి వినిపించాడు. కనిపెట్టుకుని ఉండు అన్న దగ్గర ఆగి, నవ్వి, ఆ ముక్క మళ్ళీ చదివాడు. తర్వాత “ఏవీ ఆ గుర్రం బొమ్మలు?” అన్నాడు. నేను పాడుచేసిన అట్టలు కుట్టుమిషన్ సొరుగులో ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి నా మొహం ముందు పెట్టి, “ఇది ఎప్పటిది? ఇది నేను ఎందుకు కొట్టినప్పటిది? చెప్పు” అని అడిగాడు. చెప్పాను. చెప్తే కొట్టాడు, చెప్పకపోతే కొట్టాడు. మిషన్ మీది చెక్క మూత తీసి దవడ మీద కొట్టాడు. పన్ను ఒకటి నా అరచేతిలో పడింది. కిందపడ్డాక డొక్కలో తన్నాడు. జుట్టు పట్టుకుని బల్ల అంచుకేసి కొట్టాడు. అలిసిపోయి మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చాడు. చిన్నప్పుడు పిలిచినట్టు “నాన్నా, బంగారూ” అన్నాను. దానికి ఇంకా ఎక్కువ కొట్టాడు.

నీ అల్లుడేరా. ఫోన్ గోడకేసి కొట్టింది వాడే. బకెట్టుతో కొట్టింది వాడే. తలుపు సందులో పెట్టి నొక్కింది వాడే, చెయ్యి మెలిపెట్టింది వాడే. ఎవడు ఎవడు అని ఊరంతా వెతికావు, ఇంట్లోకి తప్ప. కొడుకు కొడుతున్నాడని అక్షరాలు పెట్టి రాయడానికి నాకు చెయ్యి రాలేదు. గుర్రాన్ని కొట్టినట్టు వేస్తే మాత్రం వచ్చింది. నువ్వే కనుక్కుంటావులే అనుకున్నాను. నువ్వు కనుక్కునే ముందు మెచ్చుకున్నావు, కనుక్కున్నాక వాడికే చెప్పావు. నీ మీద కోపం లేదని అనను.

నేను పనికి రాలేదని బొత్తాలక్క వెతుక్కుంటూ వచ్చింది. వాడు లేని సమయం చూసి, నన్ను రిక్షాలో వేసుకుని తన గదికి తెచ్చేసింది. రెండు వీధుల అవతలే. పాలల్లో రొట్టె నానబెట్టి తినిపిస్తోంది, నమలలేను కదా. మనిషికి నోరెక్కువ, చెయ్యి మాత్రం మెత్తన.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నువ్వు రా. తిన్నగా ఈ గదికే రా, నన్ను తీసుకుపో. మిషన్ ఆ ఇంట్లో ఉండిపోయింది, ఉండనీ. ఆ గుమ్మం నువ్వు తొక్కకూడదు. వాడి మీద చెయ్యి వేయకూడదు. వాడి మీద జాలితో కాదు. ఇంకొక మనిషి ఇంకొక మనిషిని కొట్టడం చూసే ఓపిక నాకు లేదు. నాకు కావలసింది అదొక్కటే, ఇంకేమీ అక్కర్లేదు. నీ కోపం సంగతి నాకు తెలుసు గనక అడుగుతున్నాను, మాటిచ్చాకే బయల్దేరు.

అక్క


ఇంట్లో

అక్కా,

మాటిచ్చాను. ఆదివారం పొద్దున లారీ తెస్తాను. తిన్నగా నీ దగ్గరికే వస్తాను. వాడి జోలికి పోను, వాడి మొహం చూడను. మీ మరదలు నీకు ముందుగది సర్దుతోంది. ఇద్దరం అన్నం తినలేకపోతున్నాం. నీ పన్ను గురించి చదివి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తమ్ముడు


ఇంట్లో
ఆదివారం వెళ్ళిపోయి ఎన్నాళ్ళో అయినట్టుంది

అక్కా,

నీకు ఎలా ఉంది? ఎవరూ చెప్పట్లేదు. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నారు. ఈ ఉత్తరం వాచ్‌మన్ అయినా నీకిస్తాడని రాస్తున్నాను.

మాటిచ్చాను, నిజమే. తిన్నగా నీ దగ్గరికే వద్దామనుకున్నాను. లారీ మీ వీధి మలుపు దగ్గరికి వచ్చాక దానంతటదే తిరిగినట్టు అనిపించింది. ఒక్క మాట అడిగి వచ్చేద్దాం అనుకున్నాను. జాకీ రాడ్డు ఎందుకు పట్టుకున్నావంటే నాకు తెలియదు. సీటు కింద ఉంది, చేతికొచ్చింది.

తలుపు తీసి “మామయ్యా, రా” అన్నాడు. నవ్వాడక్కా. అమ్మ ఎక్కడుందో నీకు తెలుసా అన్నాడు. లోపల కుట్టుమిషన్ మీద మూత మళ్ళీ పెట్టేసి ఉంది, నీట్‌గా. అది చూశాను. ఆ తర్వాత నన్ను ఎవరూ ఆపలేకపోయారు. మొదటి దెబ్బ దవడకి. రెండోది కుడిచేతికి. నేలమీద ఆ చెయ్యి పరిచి తొక్కిపెట్టి, మా అక్క మణికట్టు మెలిపెట్టిన వేళ్ళు ఇవే కదరా అని ఒక్కొక్క వేలినీ రాడ్డుతో చితక్కొట్టాను. మామయ్యా మామయ్యా అని అరిచాడు. వాడిని భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన రోజులు గుర్తొచ్చాయి, అయినా చెయ్యి ఆగలేదు. నిజం చెప్తున్నాను, ఆ కాసేపు నాకు హాయిగా ఉంది.

నువ్వు ఎప్పుడొచ్చావో చూడలేదు. అరుపులు బొత్తాలక్క గది దాకా వినపడ్డాయట. నువ్వు వాడి మీద పడ్డావు, నేను అప్పటికే రాడ్డు దించుతున్నాను. నీ భుజం ఎముక చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. నువ్వు అరవలేదు. నా వైపు చూశావు. నన్ను తిట్టొచ్చుగా? ఒక్క మాటైనా అనొచ్చుగా? బొత్తాలక్క నన్ను మెడపట్టి గెంటి తలుపేసింది, నువ్వు చూస్తూ ఊరుకున్నావు.

నేను చేసింది ఎవరి కోసం? వాడు ఇంక నీ మీద చెయ్యెత్తలేడు, ఎత్తడానికి ఆ చేతికి వేళ్ళు సరిగ్గా అతకవట. తప్పయితే తప్పే. కానీ నీ కోసమేనని నీకు తెలియదా?

నా వంతు బాకీ ఉంది కదా, పేజీ వేశాను. బుర్రుగాడు లేచాడు. నువ్వు అడిగినట్టే లేపాను. లేచి దొరని కాళ్ళకింద వేసుకుని, తల పగిలి నేలలో కలిసిపోయేదాకా తొక్కుతాడు. ఆఖరి గడిలో ఆ రక్తంలో నిలబడి నవ్వుతాడు. దొర పోయాడు. రూలు ప్రకారం నువ్వు కాదనలేవు. ఇంక వాడిని ఎవరూ కొట్టరు.

జవాబు రాయి అక్కా. తిట్టయినా రాయి.

నీ తమ్ముడు


కొత్త గది
పగలు, కిటికీ దగ్గర

తమ్ముడూ,

ఎముక అతుక్కుంటోంది. కుడిచెయ్యి మెడకి కట్టి ఉంది గనక ఎడమ చేత్తోనే రాస్తున్నాను. ఈ గది ఎక్కడో రాయను. జవాబు రాస్తే ఫ్యాక్టరీకి రాయి, చదువుతాను. మరదలు రాస్తే ఇంకా సంతోషిస్తాను. ముందుగది సర్దిందన్నావు, ఆ మాటకి చాలా ఏడ్చాను. కానీ ఆ గదికి నేను రాను. నువ్వున్న ఇంట్లో కూడా మునివేళ్ళ మీదే నడవాలి.

నా కోసమే కొట్టానన్నావు. నేను నోరు తెరిచి నిన్ను అడిగింది ఒక్కటే, అదే నువ్వు చేయలేదు. హాయిగా ఉందని రాశావు చూడు, ఆ ముక్క నిజం. నీ ఉత్తరం మొత్తంలో నేను నమ్మింది అదొక్కటే. వాడికీ అంతేరా. నన్ను కొట్టి మంచినీళ్ళు తాగేటప్పుడు వాడి మొహం అలాగే ఉండేది. వాడి మీద పడినప్పుడు తలెత్తి చూస్తే నీ మొహం కూడా అలాగే ఉంది. అందుకే ఏమీ అనలేదు. ఇద్దరిలో ఎవరితో మాట్లాడుతున్నానో నాకు తెలియలేదు.

వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. దవడకి తీగలు కట్టారు. గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చేశాను. నిద్రలో చిన్నప్పటిలాగే ఉన్నాడు. నా గుండె చెరువైపోయింది, అయినా లోపలికి వెళ్ళలేదు. వెళ్తే మళ్ళీ అన్నీ వాడికి చేసిపెడతాను, నన్ను నేను నమ్మను.

తర్వాత బొత్తాలక్కని తోడు తీసుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళాను. అక్కడాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక్కొక్క దెబ్బా చూపిస్తూ ఇదెవరు అని అడిగాడు. పన్ను అంటే కొడుకు అన్నాను. మణికట్టు, కొడుకు. డొక్క, కొడుకు. భుజం అన్నాడు. తమ్ముడు అన్నాను. తలెత్తి నా మొహం చూశాడు. “రాసుకోండి” అన్నాను. రాసుకున్నాడు. నీ దగ్గరికి మనుషులు వస్తారు. పారిపోకు, వాళ్ళ మీద చెయ్యెత్తకు. నేను చెప్పింది చెప్పినట్టు ఒప్పుకో. నీ మీద ప్రేమ చచ్చిపోయిందని అబద్ధం చెప్పను, అది చావలేదు. అయినా చెప్పాను.

నీ పేజీ అందింది. రూలు రూలే, కాదనను, దొర చచ్చాడు. కానీ ఆ ఆఖరి గడి వేసినప్పుడు నువ్వు చూసుకున్నావా? వాడి చెవి చింపాం, తోక కాల్చాం, కాళ్ళు విరిచాం, ఎన్ని చేసినా వాడికి కోపం వచ్చేది గానీ ఎవర్నీ చంపి నవ్వలేదు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. చిన్నప్పటి నుంచి నాతో ఉన్న నా గుర్రాన్ని చూసి నేను భయపడ్డాను. అట్ట బోర్లా పెట్టేసి, ఒక పూటంతా దాని వైపు వెళ్ళలేదు.

మర్నాడు కొత్త అట్ట తీసుకున్నాను. ఎడమ చెయ్యి ఇప్పుడు కాస్త మాట వింటోంది. దొర లేని శాలలో బుర్రుగాడు మళ్ళీ కుప్పకూలి ఉన్నాడు. రెండు ముందుకాళ్ళూ విరిగినవాడు ఎంతసేపు నవ్వుతూ నిలబడతాడు? పొట్ట మీద పాకించాను. గోడ దాకా పాకాడు. ఆ గోడకి ఒళ్ళంతా ఆనించి, జారి, మళ్ళీ ఆనించి, మెల్లగా లేచాడు. ఆ ఒక్క లేవడానికి ఎన్ని అట్టలు పాడయ్యాయో, బొత్తాలక్క చూసి నెత్తి కొట్టుకుంది. వాచిన కన్ను, చిరిగిన చెవి, డొక్కలో నీ ముళ్ళకర్ర, అన్నీ అలాగే ఉన్నాయి. కోపంగానే ఉన్నాడు. నవ్వట్లేదు. శాల తలుపు బయటికి తెరిచి వేశాను.

ఆ పేజీ నీకు పంపడం లేదు. తర్వాతి పేజీ నేనే వేస్తాను, ఆ తర్వాతదీ నేనే వేస్తాను. నీ వంతు ఇంక రాదు.

అక్క